అరువు జుట్టు

తన జుట్టుకి బదులు ఇంకొకరి జుట్టు ఇచ్చేయాలని అత్తగారు నిశ్చయించుకుంది. ఈ వయసులో దొంగతనానికి దిగడం సిగ్గే గానీ, చేప ముందు సిగ్గెంత?

కోడలు పనిచేసే ల్యాబ్‌లో సముద్రపు చేపల్లోని పాదరసం మీద పరిశోధన జరుగుతోంది. పెద్ద చేపలు ఎక్కువగా తిన్నవాళ్ళ జుట్టులో అది చేరుతుందట. అత్తగారి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, డాక్టరు పెద్ద చేప మానమన్నాడు. మానేశానని ఆవిడ ఒట్టేసింది. కొడుకు కోసం వండిన గిన్నెలో ముక్కలు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి.

"నోరు అబద్ధమాడొచ్చు అత్తయ్యా, జుట్టు ఆడదు," అంటూ కోడలు ఒక కవరిచ్చింది. "మెడ వెనక, కుదుళ్ళ దగ్గర కత్తిరించి ఇందులో వెయ్యండి. పాదరసం ఎక్కువ కనబడిందా, ఇక వంటింటికి తాళమే!"

అత్తగారు కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది. మూతి తుడుచుకున్నంత తేలిగ్గా జుట్టు తుడుచుకోలేం కదా! నిజానికి ఆవిడ తీసేది ఒక్క ముక్కే. కాసేపాగి చూస్తే గిన్నె సగమై ఉండేది. 'తిన్నది కూడా గుర్తుండని బుర్ర! దీనికి మళ్ళీ దొంగతనమొకటి!' అని తన నెత్తిన తనే మొట్టుకునేది.

ఆ ఇంట్లో ఉన్న ఇంకో నెరిసిన తల వదినగారిది, అంటే పోయిన భర్తకి అక్క. చేప వండితే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునే మనిషి. మంచినీళ్ళు కూడా వంటింటి గుమ్మం బయటే నిలబడి అడిగి పుచ్చుకునేది.

మధ్యాహ్నం వదినగారు కుర్చీలో కునుకు తీస్తుంటే, అత్తగారు కత్తెర పట్టుకుని పిల్లిలా వెనక చేరింది.

"ఏమే, నా నెత్తి మీద ఏం చేస్తున్నావ్?"

"పేలున్నాయేమోనని చూస్తున్నా వదినా."

"ముందు నీ తల చూసుకో. నాలుక అదుపులో లేనిదానివి, నా తల బాగుచేస్తావా!" అని ఆవిడ మళ్ళీ గురక పెట్టింది.

కత్తెర చప్పుడు గురకలో కలిసిపోయింది.

ఫలితం వచ్చే రోజు అత్తగారు కడిగిన ముత్యంలా కూర్చుంది. కోడలు వస్తూనే వంటింటికి తాళం వేసి, తాళంచెవి వదినగారి చేతిలో పెట్టింది.

"పెద్దత్తయ్యా, ఈ ఇంట్లో చేపంటే గిట్టనిది మీరొక్కరే. ఇక భారం మీదే."

వదినగారు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

దొంగజుట్టు సంగతి బయటపడిపోయిందనుకుని అత్తగారు గబుక్కున లేచింది.

"తప్పయిపోయిందే అమ్మాయ్! ఏదో, ఎప్పుడైనా ఒక్క ముక్క..."

"ఒక్క ముక్కా!" కోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ కవర్లో జుట్టు చూసి మా ల్యాబంతా నోరెళ్ళబెట్టింది అత్తయ్యా. చేపల మీదే బతికే జాలరుల్లో ఒక్కడికి కూడా అంత పాదరసం లేదు!"