రెండో గ్లాసు

"సందులోంచి చూస్తాండావేమో, ఉండు," అంటూ యేసన్న కొడుకు కళ్లకు కట్టిన తువ్వాలుకు ఇంకో ముడి బిగించాడు.

శశికుమార్ బెంగళూరు హోటల్లో ఏడాదిపాటు వైన్ రుచి చూడడం నేర్చుకుని, నిన్ననే గోరంట్లకు వచ్చాడు. నాలుకకు కూడా చదువేమిటని యేసన్న అనుమానం. అందుకే మూడు గ్లాసుల్లోనూ ఒకే సీసా వంచాడు.

శశి మూడూ చప్పరించాడు. "ఒకటీ మూడూ ఒకటే. రెండోదాంట్లో ఉప్పుండాది."

"దొరికినావు పో! మూడూ ఒక సీసాలోవే. ఇదేనా నువ్వు నేర్చింది?"

పొయ్యి దగ్గర నుంచి తల్లి కృపాకుమారి తొంగిచూసింది. "రెండోదంటే ఆ సొట్ట గ్లాసా? ఇప్పుడే బోరునీళ్లతో కడిగి ఇచ్చినా. తడి గూడా తుడవలేదు."

తల్లీకొడుకులు ముందే కూడబలుక్కున్నారేమో! యేసన్న విసురుగా లేచి, కుండలోని బోరునీళ్లు ముంచుకుని తాగాడు. రోజూ తాగే నీళ్లే. తియ్యగానే ఉన్నాయి. ఇంకో గుక్క తాగి చూశాడు.

"యాడుండాదిరా ఉప్పు?"

శశి తువ్వాలు విప్పుకున్నాడు.

"ఈడున్నన్నాళ్లూ నాకూ తెలీలేదు నాయనా."