చెక్క గోడ అవతలి ప్రార్థన

తమ్ముడికి అన్నయ్య రాయునది.

నీ మీద నాకు ఎన్నేళ్లుగానో కోపం. నీ కొట్టుకీ నా వడ్రంగి కొట్టుకీ మధ్య ఉన్నది చెక్క గోడే. సాయంత్రం నువ్వూ మరదలూ చేసే ప్రార్థన నాకు వినబడుతుంది.

“ప్రభువా, అన్నయ్యకు నీ సంగతి చెప్పే ధైర్యం మాకివ్వు” అంటావు నువ్వు.

“ముందు ఆయన కోపం తగ్గించు తండ్రీ” అంటుంది ఆమె.

తెల్లారి ఎదురుపడితే మాత్రం “టీ తాగావా అన్నయ్యా” అని జారుకుంటావు. నేనేమన్నా పులినా?

రోజూ ఆ వేళకు రంపం ఆపి కూర్చున్నాను, ఇవాళైనా వస్తావని. అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఒళ్లు అలిసిపోయింది. సోమవారం డాక్టర్లు గుండె కోస్తారట.

ఆదివారం సాయంత్రంలోగా వచ్చి ఆ సంగతేదో చెప్పు. భయమైతే మరదల్ని తోడు తెచ్చుకో.