పదిహేనుకి రెండు మార్కులు

మేడం ఎర్రకలం ఎంత గట్టిగా నొక్కిందంటే, కాగితానికి చిల్లు పడింది.

"పదిహేనుకి రెండు," అంది. "ఆ రెండూ అక్షరదోషాలు లేనందుకు."

ఎదురుగా ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఒక్క ముడత కూడా పడనివ్వడని తోటివాళ్లు పెట్టిన పేరది. మేడం ఇరవై రెండేళ్లుగా సివిల్ సర్వీసు పరీక్షలకి ఆర్థికం, భద్రత పేపరు చెబుతోంది. ఆమె దగ్గర అందరికంటే శ్రద్ధగా నోట్సు రాసుకున్నవాడు ఇతనే. అందుకే ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఏ మొద్దబ్బాయో రాసి ఉంటే పోనీలే అనుకునేది.

ప్రశ్న చిన్నదేం కాదు. రేవుకి దాడి ముప్పు ఉంది. నాలుగు నెలలు చేపల పడవలు కదలకూడదు. భద్రత దెబ్బతినకూడదు, పడవలవాళ్ల బతుకూ మునగకూడదు. దానికి ఇస్త్రీ ఒక పేజీ రాశాడు. పదింటికల్లా తేలిపోవాలి. ఇంకా ఇరవై నిమిషాలే ఉందని తలుపు దగ్గరి మనిషి తొంగిచూసి చెప్పి వెళ్లాడు.

మేడం ఒక్కో వాక్యం కిందా గీత కొడుతూ పోయింది. 'ఆర్థిక నష్టం తాత్కాలికమే.' ఎవరికి తాత్కాలికం? 'ప్రత్యామ్నాయ ఉపాధిని పరిశీలించవలసి ఉంది.' ఎవరు పరిశీలించాలి, ఇతని తాతా? 'తగిన సమయంలో పరిహారం.'

"తగిన సమయమంటే ఏ తారీఖు నాయనా? పిల్లలకి ఆకలి కూడా తగిన సమయంలోనే వెయ్యమని చెప్పమంటావా?"

ఇస్త్రీ ఆమె నుదుటి మీద చెమట చూసి, బల్ల మీది ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. అంత కోపంలోనూ ఆమె అది గమనించింది. గమనించినందుకు ఇంకా చిరాకుపడింది.

"మీరు నేర్పినట్టే రాశాను మేడం," అన్నాడు చివరికి. "ఎవర్నీ నొప్పించొద్దన్నారు. అంకె వేస్తే దొరికిపోతాం, వెయ్యొద్దన్నారు. ఆఖర్న ఆశ కలిగేలా ముగించమన్నారు."

మేడం ఆ మాటలు గుర్తుపట్టింది. అక్షరాలా తన మాటలే. ఏటా బోర్డు మీద రాసి, కింద రెండేసి గీతలు కొట్టి మరీ చెప్పేది. కోపం చల్లారలేదు. తన మీదికే తిరిగింది.

కుర్చీలో కూలబడి, కలం అతని ముందుకి తోసింది.

"ఇదంతా కొట్టెయ్. ఇంటికి రోజుకెంత, ఏ రోజునుంచి, ఎవరిస్తారు. అంతే రాయి. ఇవ్వకపోతే ఎవర్ని నిలదియ్యాలో పేరు రాయి."

"పేరా?"

"పేరే."

ఇస్త్రీ తెల్లకాగితం తీసుకున్నాడు. రోజుకెంతో, ఏ రోజునుంచో రాశాడు. తర్వాత తన పేరే రాశాడు.

జిల్లా అధికారిగా నిన్న అతను సంతకం పెట్టి నకలు రేవు గోడకి అంటింపజేసి, ఈ పొద్దున తన పాత మేడాన్ని పిలిపించి దిద్దించుకున్న ఆ ఎర్రగీతల పేజీకి సంజాయిషీ అడగడానికి, కిటికీ కింద మూడు వందలమంది పడవలవాళ్లు అప్పటికే గుమిగూడి ఉన్నారు.