మూడో పిలుపు

ఎండపొడ ఎరగని సముద్రం అడుగున, నల్లటి ఖనిజపు ఉండల మధ్య ఒక ముసలి పీత ఒంటరిగా ఉండేది. తోటివాళ్లంతా పోయాక దాన్ని నోరారా పిలిచే దిక్కే లేదు.

ఆ ఉండలను తవ్వుకుపోతానని ఒక ఇనుప ఓడ లైసెన్సు అడిగింది. అక్కడ ఎవరూ కాపురం లేరని తేలితేనే ఇస్తానంది సముద్రాన్నేలే తిమింగలం. తనిఖీకి చాపలా పరుచుకుని ఈదే టేకు చేపను పంపింది.

తనిఖీ అంటే మూలమూలా వెతకడమనుకునేరు! టేకు చేపకు ఆ చలి పడలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని పైనుంచే ఒక్క కేక వేసింది.

పీతకు ప్రాణం లేచొచ్చింది. కానీ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. చీకట్లో దెయ్యం రెండుసార్లే పిలుస్తుందనీ, మూడో పిలుపుకు గానీ పలకకూడదనీ వాళ్లమ్మ చెప్పింది మరి. కాళ్లు ముడుచుకుని తక్కిన రెండు పిలుపుల కోసం ఎదురుచూసింది.

"అక్కడ ఎవరూ లేరు," అని టేకు చేప పైకెళ్లి చెప్పేసింది. లైసెన్సు వచ్చేసింది.

పీత ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఒకనాడు నెత్తిమీద ధడేలుమంది. రెండో పిలుపనుకుంది. బురద లేచింది, చుట్టూ ఉండలు కదిలాయి. మళ్లీ ధడేలుమంది.

పీత సంబరంగా బయటికొచ్చింది.

"ఉన్నాను, ఇక్కడే ఉన్నాను! రండి, లోపలికి రండి!"