వందేళ్ళు నిండని సమాధి

ఆదివారం పొద్దున్నే ఫొటో సంఘం శ్మశానం మీద పడింది. సంఘం అధ్యక్షుడికి వందేళ్ళు దాటిన చావులంటేనే గౌరవం. నిన్నమొన్న పోయినవాళ్ళంటే చిన్నచూపు.

ఎప్పటిదో ఒక సేనాపతి గోరీ ముందు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి మరీ ఫొటోలు తీశాడు. ఆ పక్కనే ఒక ముసలావిడ తన భర్త సమాధికి నీలం రంగు వేసుకుంటోంది.

"బాబూ, దీన్ని కూడా ఒక్కటి తీసిపెట్టవూ? మా అమ్మాయి కాలు విరిగి మంచంలో ఉంది. నాన్న సమాధి చూడాలని ఒకటే గోల."

"సిమెంటు దిమ్మెకి ఫొటో ఏమిటమ్మా? వందేళ్ళు నిండనీండి, అప్పుడు తీస్తాం."

"అప్పటికి నేనూ ఆయన పక్కనే ఉంటాలే. ఇద్దరికీ కలిపి తీద్దువుగాని, నువ్వుంటే!"

వెనకున్న సభ్యులు కిసుక్కుమన్నారు. అధ్యక్షుడి మొహం మాడిపోయింది. గోరీనీ, దిమ్మెనీ కాసేపు మార్చి మార్చి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, కెమెరా ఇటు తిప్పాడు. నాలుగు వైపుల నుంచీ తీశాడు. దిమ్మె మీది పేరు చక్కగా కనబడేలా దగ్గరికి వంగి ఇంకొకటి తీశాడు.

ముసలావిడ కళ్ళు చెమర్చాయి. రంగు చేతుల్ని పాత గుడ్డకి తుడుచుకుంది.

"చల్లగా ఉండు నాయనా! ఒకటడిగితే ఇన్ని తీశావు. మా అమ్మాయికి ఎప్పుడు పంపుతావు?"

"మీ అమ్మాయికి కాదమ్మా, పురావస్తు శాఖ ఆఫీసరు గారికి. గోరీ కనబడకుండా అడ్డొస్తున్నవన్నీ పీకించమని రేపే అడగబోతున్నాం. ఏవి పీకాలో ఆయనకి తెలియాలి కదా! మీది అన్నిటికంటే బాగా పడింది."