బావా, బ్రేకు తొక్కు!

“తొక్కానని చెప్పవే మీ తమ్ముడికి!” అని కారులోంచి అరిచాడు టైలరు.

ఆ తమ్ముడు మరీ దూరంగా ఏమీ లేడు. వెనక చక్రం పక్కనే నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. బళ్ళో పిల్లలకి డ్రిల్లు నేర్పే మేష్టారాయన. మైదానం ఆ చివరనున్నవాణ్ణి ఈ చివర నుంచి ఉలిక్కిపడేలా చెయ్యగల గొంతు. అలాంటివాడు బావ మాట తన చెవిన పడనట్టే ఉండిపోయాడు.

“తొక్కారటరా,” అంది అక్క, ఇద్దరి మధ్యా నిలబడి.

“అయితే గొట్టం మర వదులు చేస్తున్నానని చెప్పక్కా.”

“వదులు చేస్తున్నాడటండీ.”

“కానిమ్మను.”

“కానిమ్మంటున్నార్రా.”

ఈ కబురు అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి టైలరు కాలు పీకి, పెడలు మీంచి తీసేశాడు. చక్రం దగ్గర గొట్టం బుడబుడమంది. ముందు బానెట్టు ఎత్తి ఆయిలు పోస్తున్న మెకానిక్కు నెత్తి కొట్టుకున్నాడు.

ఆ పాత కారు బావా బావమరుదులు ఉమ్మడిగా కొనుక్కున్నది. కింది వాటాలో బావ, మేడమీద బావమరిది. ఆదివారం కారెక్కితే మళ్ళీ ఇంటికొచ్చేదాకా ఇద్దరికీ నోరు మూతపడేది కాదు. అలాంటివాళ్ళు, ఓ వానరోజు కిటికీ అద్దం దించి వదిలేసింది నువ్వంటే నువ్వని మాటా మాటా అనుకున్నారు. తడిసిన సీటు రెండు రోజుల్లో ఆరిపోయింది. మాటలు మాత్రం తొమ్మిది నెలలైనా మొదలవలేదు. కారు పెరట్లో పరదా కింద కూలబడింది. మెట్లమీద ఎదురుపడితే ఒకాయన గోడని చూసేవాడు, ఒకాయన ఆకాశాన్ని. ఇప్పుడు తమ్ముడు ఏకంగా మేడ ఖాళీ చేస్తానన్నాడు. ఒకటో తారీకున వేరే ఇంటికి. ఈలోగా కారు అమ్మేస్తే ఇక ఎవరి దారి వాళ్ళది. ఉన్న ఒక్క తోడబుట్టినవాడూ అలా వెళ్ళిపోతున్నాడని ఆవిడకి అన్నం సయించడం లేదు.

కొనేవాడు రేపొస్తాడు. చూస్తే బ్రేకులు లేవు.

“వాడకుండా పడేస్తే ఇంతే మరి,” అన్నాడు మెకానిక్కు. “తుప్పు గీకాను, ఎండిపోయిన రబ్బర్లు మార్చాను, కొత్త ఆయిలు పోశాను. గొట్టాల్లో గాలొక్కటే మిగిలింది. అది పోయేదాకా పెడలు దూదిలా దిగిపోతుంది. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఒకరు మర తిప్పాలి, నేను పైన ఆయిలు పోస్తుండాలి. మీ రాయబారం నడిచేలోపు గాలి మళ్ళీ లోపలికి దూరుతోంది. నేరుగా చెప్పుకుంటారా, రేపొచ్చే ఆయనకి బ్రేకులు లేవని మీరే చెప్పుకుంటారా?”

“నా గొంతు పోయిందయ్యా, ఇక నా వల్ల కాదు,” అని ఆవిడ వెళ్ళి మెట్టుమీద కూర్చుంది.



“తొక్కు!” ఆఖరికి చక్రం దగ్గర్నుంచి డ్రిల్లు కేక వచ్చింది.

“తొక్కా.”

“పట్టుకో! ఆఁ. వదులు!”

మొదటి చక్రం అలా ముక్తసరిగా అయిపోయింది. రెండోదానికి మేష్టారికి ఓపిక నశించింది.

“టకటకా తొక్కుతావేంటి? అది కుట్టుమిషను కాదు బావా!”

ఆ ‘బావా’ నోరు జారి వచ్చేసింది. ఇద్దరూ బిక్కచచ్చిపోయారు.

“నీ కేకలకి నా కాలు దానంతటదే ఆడుతోంది రా! నేనేం చెయ్యను?” అన్నాడు టైలరు. పక్కద్దంలో బావమరిది తల కనిపించింది. తొమ్మిది నెలల్లోనే ఎంత నెరిసిపోయాడో! అద్దంలోంచి కళ్ళు తీసుకోబుద్ధి కాలేదు.

మూడో చక్రం దగ్గర ఆయిలు మేష్టారి ముక్కుమీద చిమ్మింది. నవ్వకూడదు నవ్వకూడదనుకుంటూనే టైలరు పకపకా నవ్వేశాడు.

నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి గొంతులు నెమ్మదించాయి.

“ఇల్లు బాగుందా?”

“వంటిల్లు ఇరుకు బావా. ఎండ కూడా రాదు.”

“మరి ఎందుకు పోవడం?”

“నువ్వు ఉండమన్లేదుగా.”

“నీ మొహం నాకు కనిపిస్తేగా ఉండమనడానికి! ఉండు. ఎక్కడికీ పోనక్కర్లేదు.”

మేష్టారు మొహం భుజానికి తుడుచుకుని మర పట్టుకున్నాడు. “పట్టుకో బావా,” అన్నాడు.

“పట్టుకునే ఉన్నాను రా.”

పెడలు రాయిలా గట్టిపడింది. ముందు గేటు దాకా, తర్వాత వీధి మలుపు దాకా మెల్లగా పోనిచ్చి చూసి రమ్మన్నాడు మెకానిక్కు. ఇద్దరూ ఎక్కారు. రేపు రావద్దని కొనేవాడికి అప్పటికప్పుడే ఫోను చేసేశాడు మేష్టారు.

“ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటా,” అని టైలరు కారు దిగి ఇంట్లోకి వెళ్ళాడు. వంటింటి కిటికీ అవతల పంపు దగ్గర మెకానిక్కు చేతులు కడుక్కుంటున్నాడు. ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

“నిన్న నేను బ్రేకు గొట్టాల్లోంచి తీసేసిన గాలిని మళ్ళీ ఎందుకు ఎక్కించమన్నారో ఇప్పుడర్థమైందమ్మా!” అంటున్నాడు ఆవిడతో.