ఏడేళ్ల చెంపదెబ్బ

నీళ్ల బాటిల్ టేబుల్ మీద పెట్టి వెనక్కి తిరిగిన అటెండర్‌ని చూసి, జోయెల్ ప్రసంగం మధ్యలోనే ఆగిపోయాడు.

వాడే! జుట్టు నెరిసింది, నడకలో కుంటు వచ్చింది. అయితే మాత్రం, ఆ మొహాన్ని జోయెల్ మరిచిపోతాడా?

హనుమకొండలోని ఆ కాలేజీ హాల్లో ఎనిమిది వందల మంది పిల్లలున్నారు. "ఏమైందన్నా?" అని ముందు వరసలోంచి ఎవరో అరిచారు.

ఏమైందా? ఒళ్లు భగ్గుమంది, అదే అయింది!

ఏడేళ్ల కిందటి మాట. అప్పుడు జోయెల్‌కి పంతొమ్మిదేళ్లు. వెనక కంపెనీ లేదు, స్టూడియో లేదు. సొంతంగా రాసుకున్న ర్యాపు, దోస్తు వినయ్ చేతిలో ఫోను, అంతే. ఎనుమాముల మార్కెట్‌లో ఒకదానిమీదొకటి పేర్చిన మిర్చి బస్తాల నెట్టు కనిపించింది. ఇంతకన్నా మంచి స్టేజీ ఎక్కడ దొరుకుతుందని ఎక్కేశాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్ల బీటు, నోట్లో పాట.

ఎక్కడినుంచి వచ్చాడో, ఒక హమాలీ ఎగబాకి కాలర్ పట్టుకుని కిందికి లాగాడు. మళ్లీ ఎక్కబోతే చెంప ఛెళ్లుమనిపించాడు. మెడబట్టి అవతలికి తోశాడు. చుట్టూ ఉన్న జనం చూశారు. జోయెల్ వెనక్కి తిరగకుండా మార్కెట్ దాటిపోయాడు. వెనకే వినయ్.

ఆ వారమే ఆ దెబ్బ మీద పాట కట్టాడు. వినయ్ ఫోనులో పడ్డ హమాలీ మొహాన్ని వీడియో మొదట్లోనే పెట్టాడు. ఇరవై లక్షల మంది చూశారు. రెండేళ్లుగా పాటలు తగ్గాయి, ప్రసంగాలు పెరిగాయి. ఏ కాలేజీ పిలిచినా అదే కథ. "నన్ను కొట్టినోని మీద కోపమే నా పెట్రోల్, తమ్మీ!"

ఆదివారం చర్చి నుంచి రాగానే తల్లి విమల బతిమాలేది. "ఇడిసిపెట్టు కొడుకా. క్షమించు."

"వాడొచ్చి తప్పయిందనాలె. అప్పుడు ఇడిసిపెడ్త."

ఇదిగో, వాడు దొరికాడు.

"ఆగు పెద్దమనిషీ! ఇటు రా!"

అటెండర్ ఆగాడు.

"పేరేంది?"

"కట్టయ్య."

"నన్ను గుర్తుపట్టినవా?"

"పట్టిన బిడ్డా."

"బిడ్డా గిడ్డా అనకు!" జోయెల్ అతని రెక్క పట్టుకుని స్టేజీ మధ్యకి లాక్కొచ్చాడు. "తమ్ముళ్లు, చెల్లెండ్లు! నా పాట వీడియోల ఒక మొహం చూసిన్రు గదా? గీయనే!"

హాలంతా ఓ అని అరిచింది. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"కొట్టినవా లేదా? మైకుల చెప్పు."

"కొట్టిన."

"నేనేం తప్పు చేసిన? దొంగతనం చేసిన్నా? నీ ఇంట్ల జొరబడ్డనా? పాట పాడిన, గంతే! గరీబు పోరడు పాట పాడితే నీకేం నొచ్చింది?"

కట్టయ్య ఏదో చెప్పబోయాడు. జోయెల్ మొహంలోకి ఒకసారి చూసి, నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు నోరు పెగలదు! ఆ రోజు చెయ్యి మాత్రం ఎంత బాగా లేచిందో!

"తప్పయిందను. అందరి ముంగట కొట్టినవ్, అందరి ముంగటనే అను!"

కట్టయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది."

ఈలలు, కేకలు. కట్టయ్య కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్లాడు.

ఏడేళ్లుగా ఎదురుచూసిన మాట అది. కడుపు చల్లబడాలి కదా? ఎక్కడ! ఇంత తేలిగ్గా అనేశాడేమిటని ఇంకా మండిపోయింది. మిగతా గంటా జోయెల్ గొంతు చించుకుని మాట్లాడాడు. పిల్లలకు తెగ నచ్చింది.

శాలువా కప్పాక కాలేజీ సెక్రటరీ శ్యాంసుందర్ పక్కకి వంగి చెప్పాడు. "మీరు ఫికర్ చెయ్యకండి సార్. ఆ కట్టయ్యను రేపటి సంది రావద్దన్న. అప్పుడే వెళ్లిపోయిండు."

"మంచిపని చేసిన్రు," అన్నాడు జోయెల్.

బయట కారుకు అడ్డంగా ఒకామె నిలబడి ఉంది. కాలేజీ ఊడ్చే మనిషి, చేతిలో చీపురు కూడా వదల్లేదు.

"సల్లవడ్డదా నీ కడుపు?"

"ఎవరమ్మా నువ్వు?"

"చిలుకమ్మను. కట్టయ్య పెండ్లాన్ని. నువ్వెక్కి ఎగిరిన నెట్టు ఎసొంటిదో ఎరుకేనా నీకు? ఒక పక్క బస్తాలు గుంజితే వాలి ఉన్నది. దిగు, దిగు అని పదిమంది మొత్తుకున్నరు. చెవులల్ల గవి పెట్టుకుంటివి, ఇన్నవా?"

కారు తలుపు తీయబోయిన జోయెల్ చెయ్యి ఆగిపోయింది.

"దింపితే మల్ల ఎక్కవడితివి. కొట్టక ముద్దు పెట్టుకోవాల్నా? నిన్ను అవుతలికి నూకిండు, నువ్వు ఎనుకకన్న సూడకుంట పోయినవ్. గంతల్నే నెట్టు కూలింది. నువ్వు నిలవడ్డ కాడ ఆయన కాలు నలిగింది. మూడు నెలలు దవాఖానల ఉన్నడు. మూటలు మోసెటోడు, నీళ్ల సీసలు మోసెటోడయిండు. ఇయ్యాల గదీ లేకుంట చేసినవ్!"

"ఆయన... ఎక్కడున్నడు?"

"ఏడుంటడు? నువ్వు కోరిన మాట అనె, నౌకరి పాయె. ఎటో పోయిండు. ఫోన్ ఎత్తుతలేడు."

"మరి చెప్పొచ్చు గదా!" జోయెల్ అరిచాడు. ఆ కోపం ఇప్పుడు ఎవరి మీదో అతనికే తెలియలేదు. "ఏడేండ్ల సంది ఒక్క మాట ఎందుకు చెప్పలే? స్టేజీ మీదనన్న చెప్పొచ్చు గదా!"

"నీ పాట అందరి ఫోన్లల్ల మోగిననాడే నీ ఇంటికొచ్చి అడుగుతనంటి," అంది చిలుకమ్మ. "'ఆ కోపం మీదనే పిలగాడు పైకొస్తాండు, మనం పోయి అది గుంజుకోవద్దే' అన్నడాయన."